1798 నాటి నాలుగు అమెరికా చట్టాల్లో ఒక్కటే ఎందుకు మిగిలింది?

కృష్ణాతీరం
2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు వెనెజువెలాకు చెందిన ఒక నేరముఠాను కారణంగా చూపి 1798 నాటి శత్రుదేశీయుల చట్టాన్ని ప్రయోగించినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. మేము డిగ్రీలో చదివిన అమెరికా చరిత్రలో, ఆ సంవత్సరం జాన్ ఆడమ్స్ ప్రభుత్వం విదేశీయుల మీద, పత్రికల మీద నాలుగు చట్టాలు చేసిందనీ, తర్వాత జెఫర్సన్ వచ్చి వాటిని తీసేశాడనీ రెండు వాక్యాల్లో ముగించారు. తీసేసిన చట్టం ఇన్నేళ్ళ తర్వాత నూటికి పైగా మనుషుల్ని విచారణ లేకుండా విమానం ఎక్కించి ఎల్ సాల్వడార్ జైలుకు పంపడానికి ఎలా పనికివచ్చింది? నాలుగింటిలో ఏవి పోయాయి, ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది? తెలిసినవారు వివరంగా రాయండి. మా తమ్ముడి కుటుంబం అక్కడే ఉంటోంది కాబట్టి నేనిది కాలక్షేపానికి అడగడం లేదు.

పాత_సంచికలు
జెఫర్సన్ తీసేశాడన్నది సగమే నిజం. నాలుగు చట్టాలూ నాలుగు దారుల్లో వెళ్ళాయి. జూన్ 18న వచ్చిన పౌరసత్వ చట్టం, పౌరుడు కావడానికి అమెరికాలో నివసించవలసిన కాలాన్ని 5 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళకు పెంచింది. కొత్త కాంగ్రెస్ 1802లో నిజంగా రద్దు చేసింది దీన్ని మాత్రమే. జూన్ 25న వచ్చిన రెండో చట్టం ప్రకారం యుద్ధం లేకపోయినా, నేరం రుజువు కాకపోయినా, ప్రమాదకరమైన మనిషని అధ్యక్షుడికి తోస్తే చాలు, ఏ విదేశీయుణ్ణైనా దేశం విడిచి పొమ్మనవచ్చు. దానికి రెండేళ్ళ గడువు రాసిపెట్టారు కాబట్టి 1800 జూన్‌లో దానంతట అదే ముగిసిపోయింది. జూలై 14న వచ్చిన నాలుగోది రాజద్రోహ చట్టం. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో అబద్ధపు నిందలు వేస్తూ ఏదైనా రాస్తే, అచ్చువేస్తే 2,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు. దాని గడువు 1801 మార్చి 3, అంటే ఆడమ్స్ పదవీకాలపు చివరి రోజు.

మధ్యలో జూలై 6న వచ్చిన మూడోదానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు. శత్రుదేశీయుల చట్టమంటే అదే. యుద్ధం ప్రకటించినప్పుడు గానీ, పరాయి దేశమో ప్రభుత్వమో దండెత్తినప్పుడు, దండెత్తబోతున్నప్పుడు గానీ, ఆ దేశానికి చెందిన 14 ఏళ్ళు నిండిన మగవారిని పట్టుకోవడానికి, నిర్బంధించడానికి, పంపివేయడానికి అధ్యక్షుడికి అది అధికారమిస్తుంది. 1918లో స్త్రీలను కూడా చేర్చారు. ఆ ఒక్క మార్పు తప్ప ఈనాటికీ దాదాపు అలాగే ఉంది.

ఓరుగల్లు_రవి
ఒక్క నెలలో నాలుగు చట్టాలు! అంత భయం ఎందుకు పట్టుకుంది వాళ్ళకు? ఫ్రాన్స్ సాయంతోనే కదా స్వాతంత్ర్యం తెచ్చుకున్నారు?

గోదావరి_గట్టు
రవి గారూ, అసలు చిక్కంతా ఆ సాయం దగ్గరే మొదలైంది. బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉండగా 1794లో అమెరికా బ్రిటన్‌తో జే ఒప్పందం చేసుకుంది. ఫ్రాన్స్ దాన్ని నమ్మకద్రోహంగా భావించి, సముద్రం మీద అమెరికా వర్తక నౌకలను వందల సంఖ్యలో పట్టుకోవడం మొదలుపెట్టింది. రాజీ కుదుర్చుకుందామని ఆడమ్స్ ముగ్గురు రాయబారులను పారిస్ పంపితే, విదేశాంగమంత్రి టాలిరాండ్ మనుషులు ముందు లంచం, ఆ తర్వాత అప్పు ఇస్తేనే మాటలన్నారు. ఆ మధ్యవర్తుల పేర్లు బయటపెట్టకుండా ఎక్స్, వై, జెడ్ అన్న అక్షరాలతో 1798 ఏప్రిల్‌లో ఆ పత్రాలు ప్రచురించేసరికి దేశం భగ్గుమంది. యుద్ధ ప్రకటన లేకుండానే రెండేళ్ళ పైచిలుకు సముద్రం మీద పోరాటం నడిచింది.

అయితే ఫ్రెంచి భయం ఎంత నిజమో, ఇంటి ప్రత్యర్థుల మీద కోపం అంతే నిజం. ఐర్లండ్ నుంచి, ఫ్రాన్స్ నుంచి వచ్చినవారు పౌరులు కాగానే ఆడమ్స్ పక్షమైన ఫెడరలిస్టులకు ఎదురుగా జెఫర్సన్ పక్షాన ఓటేసేవారు. 14 ఏళ్ళ గడువు వెనక ఆ ఓట్ల లెక్క ఉంది. అల్లరి ఐరిష్ మూకలను ఆహ్వానించడం తనకిష్టం లేదని మసాచుసెట్స్ సభ్యుడు హారిసన్ గ్రే ఓటిస్ 1797లోనే సభలో బాహాటంగా అన్నాడు. ప్రతిపక్షాన్ని సభలో నడిపించిన ఆల్బర్ట్ గాలటిన్ జెనీవాలో పుట్టి, ఫ్రెంచి యాసతో ఇంగ్లీషు మాట్లాడే మనిషి. ఆయన్ను చూసినప్పుడల్లా ఫెడరలిస్టులకు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

మూసీ_వంతెన
గట్టు గారు చెప్పిన 1798 ఫ్రెంచి భయం మన హైదరాబాదును కూడా తాకింది. ఆ సెప్టెంబరులోనే నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. తన కొలువులో రేమండ్ పెంచిన ఫ్రెంచి అధికారుల పటాలాన్ని రద్దు చేయాలన్నది అందులో షరతు. రేమండ్ మార్చిలోనే చనిపోయాడు, అక్టోబరులో ఆ పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దించేయించారు. మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఆ రేమండే. ఫిలడెల్ఫియాలో పత్రికల వారిని జైలుకు పంపుతున్న నెలల్లోనే ఇక్కడ ఇది జరిగింది.

నల్లకోటు_హనుమకొండ
రాజద్రోహ చట్టాన్ని తిట్టడానికి ముందు దాని పాఠం చూడమని మనవి. ఆనాటి ఇంగ్లండ్ న్యాయంలో రాసింది నిజమైనా శిక్ష తప్పేది కాదు, నిజమైతే ఇంకా ప్రమాదమనేవారు. 1798 చట్టం మాత్రం రాసింది నిజమని రుజువు చేసుకునే హక్కు ముద్దాయికి ఇచ్చింది, దురుద్దేశాన్ని ప్రభుత్వమే రుజువు చేయాలంది, తీర్పును జ్యూరీ చేతిలో పెట్టింది. కాగితం మీద చూస్తే మన పాత శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన రాజద్రోహపు సెక్షన్ 124ఏ కంటే ఇది మెత్తనిది. అందులో నిజం రాశానన్న వాదనకు చోటే ఉండేది కాదు.

పాత_సంచికలు
మేడమ్, కాగితం మీద మెత్తనిదే. కోర్టులో ఏమైందో కూడా చూడాలి. అధ్యక్షుడికి ఆడంబరం మీద మోజెక్కువని ఎవరైనా రాస్తే, అది నిజమని ఏ సాక్షితో రుజువు చేస్తాడు? అభిప్రాయానికి రుజువేమిటి? ఆడమ్స్‌ను విమర్శించి ముద్దాయైన థామస్ కూపర్ 1800లో సాక్షిగా అధ్యక్షుణ్ణే పిలిపించమని అడిగితే జడ్జి శామ్యూల్ చేజ్ ఒప్పుకోలేదు. కూపర్‌కు ఆరు నెలల జైలు, 400 డాలర్ల జరిమానా. అదే చేజ్ రిచ్‌మండ్‌లో పత్రికా రచయిత జేమ్స్ కాలెండర్‌ను విచారించిన తీరు ఎంత ఏకపక్షంగా ఉందంటే, తర్వాత ఆయన మీద అభిశంసన నడిచినప్పుడు అది కూడా ఒక ఆరోపణగా చేరింది. 1805లో సెనేట్ ఆయనను వదిలేసింది, అది వేరే సంగతి.

ఇంకొక్కటి గమనించండి. అధ్యక్షుడికి, రెండు సభలకు రక్షణ ఇచ్చిన ఆ చట్టంలో ఉపాధ్యక్షుడి పేరు లేదు. అప్పటి ఉపాధ్యక్షుడు ప్రతిపక్ష నాయకుడైన జెఫర్సన్. ఆయన్ను ఎవరేం రాసినా నేరం కాదన్నమాట. పైగా గడువు ఆడమ్స్ పదవి ముగిసే రోజుకు పెట్టుకున్నారు. ఈ రెండూ చూశాక దేశరక్షణ కోసమే చేశారన్న మాట నేను నమ్మలేను.

గోదావరి_గట్టు
ప్రతినిధుల సభలో ఆ చట్టం నెగ్గింది 44-41 ఓట్లతో. అంటే ఇద్దరు మనసు మార్చుకుని ఉంటే పోయేది.

కొబ్బరితోట
శిక్షపడిన వాళ్ళెవరు? అందరూ సంపాదకులేనా?

పాత_సంచికలు
సంపాదకులే ఎక్కువ, కానీ అందరూ కాదు. మొదట శిక్షపడింది వెర్మాంట్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్‌కు. ఐర్లండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే కూలికి కట్టుబడి అమెరికా వచ్చినవాడు. ఆడమ్స్‌ను విమర్శిస్తూ ఆయన రాసిన ఉత్తరం చట్టానికి ముందే రాసింది, పత్రికలో అచ్చయింది మాత్రం చట్టం వచ్చాక. 1798 అక్టోబరులో నాలుగు నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా వేశారు. చలికాలంలో వెర్జెన్స్ జైలు గదిలో ఉంటూనే ఆయన మళ్ళీ పోటీచేసి, పెద్ద ఆధిక్యంతో గెలిచాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది డేవిడ్ బ్రౌన్ సంగతి. ఊరూరా తిరిగి మాట్లాడే మామూలు శ్రామికుడు. మసాచుసెట్స్‌లోని డెడమ్‌లో జనం ఒక స్వాతంత్ర్య స్తంభం నాటి, స్టాంపు చట్టం వద్దు, రాజద్రోహ చట్టం వద్దు, విదేశీయుల బిల్లులు వద్దు, భూమి పన్ను వద్దు అని బోర్డు కట్టారు. ఆ బోర్డు రాయించింది ఇతడేనని పట్టుకుని 18 నెలల జైలు, 480 డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం కింద పడిన శిక్షల్లో అదే పెద్దది. జరిమానా కట్టలేక శిక్షాకాలం ముగిశాక కూడా లోపలే ఉండిపోయాడు. 1801లో జెఫర్సన్ క్షమాభిక్ష ఇచ్చాకే బయటికొచ్చాడు. కాంగ్రెస్ సభ్యుడి జరిమానాను అభిమానులు చందాలేసుకుని కట్టారు, 1840లో కాంగ్రెస్ ఆ సొమ్మును వారసులకు తిరిగి ఇచ్చింది కూడా. బ్రౌన్ కోసం ఎవరు చందా వేస్తారు?

బందరు_రేవు
ఈ చట్టాలకు మన దేశంతో నేరుగా ముడిపడిన మనిషి ఒకడున్నాడు, అతని గురించి మనవాళ్ళు రాయగా నేను పెద్దగా చూడలేదు. విలియం డ్యూయేన్ ఐర్లండ్‌లో పెరిగి, కంపెనీ కొలువులో కలకత్తా చేరి, అక్కడ పత్రికలు నడిపాడు. ఆఖరుగా నడిపింది ఇండియన్ వరల్డ్. కంపెనీ అధికారులకు నచ్చని రాతలు రాసినందుకు గవర్నర్ జనరల్ జాన్ షోర్ హయాంలో 1794 చివర అతన్ని నిర్బంధించి, విచారణ లేకుండా ఓడ ఎక్కించి ఇంగ్లండ్‌కు పంపేశారు. ఆస్తి అంతా పోయింది. అక్కడి నుంచి ఫిలడెల్ఫియా చేరి ఆరోరా పత్రికలో పనికి కుదిరాడు.

ఆ ఆరోరా సంపాదకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ బేచ్. రాజద్రోహ చట్టం పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, పాత ఇంగ్లీషు న్యాయసూత్రాల కింద జూన్‌లోనే అతన్ని అరెస్టు చేశారు. విచారణ జరిగేలోగా సెప్టెంబరులో పచ్చజ్వరంతో చనిపోయాడు. అప్పుడు పత్రిక డ్యూయేన్ చేతికి వచ్చింది. 1799 ఫిబ్రవరిలో ఒక చర్చి ఆవరణలో విదేశీయుల చట్టానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తుంటే గొడవ జరిగి, అల్లరి చేశాడని కేసు పెట్టారు. జ్యూరీ నిర్దోషి అంది. ఆ మేలో సైనికాధికారులు కొందరు పత్రిక ఆఫీసుకు వచ్చి కొట్టారు. విదేశాంగమంత్రి పికరింగ్ అతన్ని బ్రిటిషు ప్రజగా లెక్కగట్టి దేశం నుంచి పంపివేయాలని పట్టుబట్టాడు, అధ్యక్షుడు కూడా సరేనన్నాడు. తాను న్యూయార్క్ ప్రాంతంలోనే పుట్టానని డ్యూయేన్ వాదించాడు. చివరికి పంపలేకపోయారు, పత్రికా ఆగలేదు.

కలకత్తాలో ఒకసారి మాట కూడా చెప్పనివ్వకుండా ఓడ ఎక్కించిన మనిషికి, అదే పని ఇంకో దేశంలో చట్టం పేరుతో చేయబోతుంటే ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. 1799 మేలో వెల్లస్లీ కలకత్తా పత్రికలకు ముందస్తు సెన్సారు పెట్టి, ఉల్లంఘిస్తే ఐరోపాకు పంపేస్తామన్నాడు. కారణం మళ్ళీ ఫ్రెంచి వాళ్ళే, టిప్పు మీద యుద్ధమే.

ఓరుగల్లు_రవి
రేవు గారూ, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ దాచుకోవాలి. మన వైపు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 124ఏ కింద జైలుకెళ్ళారు. ఆయనకు ఓటుతో దింపడానికి ఎదురుగా ఆడమ్స్ లేడు, పరాయి చక్రవర్తి ఉన్నాడు. ఆ తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి.

సిద్దిపేట_సిపాయి
నాది వేరే మాట. యుద్ధమొచ్చినప్పుడు శత్రుదేశపు పౌరుల మీద కన్నేసి ఉంచడం ప్రతి దేశమూ చేసే పని, అది లేని రాజ్యం ఉండదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మనం చైనా మూలాలున్నవారిని వేల సంఖ్యలో రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టలేదా? రాజద్రోహ చట్టంతో పాటు ఈ చట్టాన్ని కూడా ఒకే గాట కట్టి తిట్టడం న్యాయం కాదు. జెఫర్సన్ పక్షం వారు కూడా దీన్ని గట్టిగా వ్యతిరేకించలేదు. అది మిగలడానికి కారణం అదే.

నల్లకోటు_హనుమకొండ
సిపాయి గారు చివర చెప్పింది నిజం. యుద్ధకాలానికి పరిమితమైన చట్టం కాబట్టి జెఫర్సన్ పక్షమైన ఆనాటి రిపబ్లికన్లకు దానితో పేచీ లేదు. దాన్ని గట్టిగా వాడిన మొదటి అధ్యక్షుడు కూడా వాళ్ళ మనిషే, 1812 యుద్ధంలో జేమ్స్ మాడిసన్. అమెరికాలో ఉన్న బ్రిటిషు ప్రజలు మార్షల్ అనే ప్రభుత్వాధికారి దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్నారు, రేవు పట్టణాల్లోని వర్తకులను తీరానికి 40 మైళ్ళ లోపలికి వెళ్ళమన్నారు.

దేవళీని మీరు సమర్థనగా తెచ్చారు, నేను హెచ్చరికగా తీసుకుంటాను. అక్కడ పెట్టినవారిలో భారతదేశంలోనే పుట్టినవారు ఎందరో ఉన్నారు. ఏళ్ళ తరబడి ఉంచి, గూఢచర్యం చేశారని ఎవరి మీదా రుజువు చేయలేదు. మనిషి ఏం చేశాడని కాకుండా ఎక్కడివాడని చూసి పట్టుకునే చట్టంలోని లోపమే అది, ఏ దేశం చేసినా అంతే.

కొబ్బరితోట
రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళను శిబిరాల్లో పెట్టింది ఈ చట్టం కిందేనా?

నల్లకోటు_హనుమకొండ
కొంతవరకే. జపాన్, జర్మనీ, ఇటలీ పౌరులు సుమారు 31,000 మందిని నిర్బంధించింది ఈ చట్టం కింద. జపాన్ మూలాలున్న 1,20,000 మందిని పడమటి తీరం నుంచి తరలించింది మాత్రం 1942 నాటి వేరే కార్యనిర్వాహక ఉత్తర్వు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే కాబట్టి 1798 చట్టం వారికి వర్తించేది కాదు. యుద్ధం ముగిసిన తర్వాత కూడా ఒక జర్మన్‌ను ఈ చట్టం కింద పంపివేయడాన్ని 1948లో సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. అందుకే చట్టం బతికే ఉంది.

డల్లాస్_సుబ్బు
అన్ని పోస్టులూ చదివాను. నేను ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాను, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. 5 ఏళ్ళను 14 చేశారంటే చరిత్ర చదివేవారికి అది ఒక అంకె, మాకు మాత్రం ఆ వరుసలో గడిచే జీవితం అర్థమవుతుంది. పోయినేడాది మా ఊళ్ళో ఒక స్థానిక విషయం మీద వినతిపత్రం తిప్పారు. నేను దానితో పూర్తిగా ఏకీభవించినా సంతకం పెట్టలేదు. పెట్టకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు సామాజిక మాధ్యమాల ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్నప్పుడు మా మేనల్లుడు గుంటూరులో కూర్చుని పాత పోస్టులన్నీ చెరిపేశాడు. అందులో వాడు రాసింది సినిమాల గురించి, క్రికెట్ గురించి.

1798 విదేశీయుల చట్టం కింద అధికారికంగా ఒక్కరినీ పంపలేదని కొన్నిచోట్ల చదివాను. అది నిజమేనా?

పాత_సంచికలు
నిజమే సుబ్బు గారూ, కానీ పంపనవసరం లేకుండానే వెళ్ళిపోయారు. ఫ్రెంచి పండితుడు వోల్నీ వెళ్ళిపోయాడు. ఫిలడెల్ఫియాలో పుస్తకాల దుకాణం నడుపుకునే మొరో ద సాన్‌మెరీ కుటుంబంతో ఓడెక్కాడు. న్యూయార్క్‌లో పత్రిక నడిపిన ఐరిష్ సంపాదకుడు జాన్ డేలీ బర్క్ దేశం విడిచిపోతానని ఒప్పుకుని కేసు నుంచి బయటపడి, వర్జీనియాలో మారుపేరుతో దాక్కున్నాడు. మీరు సంతకం పెట్టకపోవడం, మేనల్లుడు పోస్టులు చెరపడం ఏ గణాంకంలోకీ రావు. సాన్‌మెరీ ప్రయాణం కూడా దేశబహిష్కరణల లెక్కలోకి రాలేదు.

సిద్దిపేట_సిపాయి
సుబ్బు తమ్ముడి బాధ అర్థమైంది. నా వాదన యుద్ధం గురించే. యుద్ధమే లేనప్పుడు, ఒక నేరముఠాను దేశంగా లెక్కగట్టి ఈ చట్టాన్ని వాడటాన్ని నేనూ సమర్థించను. పోలీసులు, కోర్టులు ఉన్నది దానికే.

గోదావరి_గట్టు
జెఫర్సన్‌ను దేవుణ్ణి చేయకుండా ఒక మాట. అధికారంలోకి వచ్చాక 1803లో ఆయనే పెన్సిల్వేనియా గవర్నర్‌కు రాసిన ఉత్తరంలో, కొందరు సంపాదకుల మీద రాష్ట్ర స్థాయిలో కేసులు నడిపితే మంచిదన్నాడు. ఆయన అభ్యంతరం కేంద్రానికి ఆ అధికారం లేదన్నదే, ఎవరికీ లేదన్నది కాదు. న్యూయార్క్‌లో జెఫర్సన్‌ను విమర్శించిన హ్యారీ క్రాస్‌వెల్ మీద కేసు పెడితే, నిజం రాసినవాణ్ణి శిక్షించకూడదని వాదించినవాడు ఫెడరలిస్టు హామిల్టన్. మరోవైపు, ఎక్స్ వై జెడ్ రాయబారుల్లో ఒకడైన జాన్ మార్షల్ ఫెడరలిస్టై ఉండి కూడా 1798లోనే ఈ చట్టాలు అనవసరమని బహిరంగంగా రాశాడు. ఫ్రెంచి వాళ్ళ అవమానాన్ని నేరుగా భరించి వచ్చినవాడే ఆ మాటన్నాడు కాబట్టి నాకు ఆయన మీద గౌరవం ఎక్కువ.

బందరు_రేవు
చట్టాలకు వ్యతిరేకంగా జెఫర్సన్, మాడిసన్ రహస్యంగా రాసిచ్చిన కెంటకీ, వర్జీనియా తీర్మానాల సంగతీ అంతే. కేంద్రం హద్దు మీరితే రాష్ట్రం ఒప్పుకోనక్కర్లేదన్న ఆ వాదాన్ని 1832లో దక్షిణ కరొలైనా తన పన్నుల గొడవకు ఎత్తుకుంది, తర్వాత బానిసత్వాన్ని కాపాడుకునేవారికి అది ఆయుధమైంది. పౌరసత్వం 5 ఏళ్ళకు తిరిగొచ్చిందని సంతోషపడేముందు, 1790 నుంచీ అది శ్వేతజాతి వారికేనన్నది మరవకూడదు. పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్‌సింగ్ థిండ్ తెల్లవాడు కాదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది, భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు.

కృష్ణాతీరం
నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. గడువున్నవి పోయాయి, లేనిది మిగిలింది. కానీ రెండు శతాబ్దాల్లో ఎవరూ దాన్ని తీసేయాలనుకోలేదా?

నల్లకోటు_హనుమకొండ
నా సమాధానం ఇది. రాజద్రోహ చట్టం తాకింది ఓటున్నవారిని. లయన్ జైలు నుంచే గెలిచాడు. 1801 ఫిబ్రవరిలో అధ్యక్ష ఎన్నిక ప్రతినిధుల సభకు చేరి 35 సార్లు ఓటింగు తేలకపోతే, 36వ సారి తోటి వెర్మాంట్ సభ్యుడు తప్పుకోవడంతో ఆ రాష్ట్రపు ఓటును జెఫర్సన్‌కు వేసింది ఆ లయనే. అన్యాయానికి గురైనవాడి చేతిలో దాన్ని సరిదిద్దే సాధనం ఉంది. ఆ చట్టం సుప్రీంకోర్టు ముందుకు ఎప్పుడూ రాకపోయినా, చరిత్ర దాన్ని తిరస్కరించిందని 1964లో న్యూయార్క్ టైమ్స్ కేసులో అదే కోర్టు రాసింది.

శత్రుదేశీయుల చట్టం తాకేది ఓటు లేనివారిని. దాన్ని రద్దు చేయమని అడిగితే ఏ సభ్యుడికీ నియోజకవర్గంలో ఒక్క ఓటు పెరగదు, యుద్ధం వచ్చినప్పుడు పోతాయేమో కూడా. కాంగ్రెస్ సభ్యులు ఇల్హాన్ ఒమర్, మేజీ హిరోనో రద్దు కోసం బిల్లు పెట్టారు, 2025 జనవరిలో మళ్ళీ పెట్టారు, అది ఆమోదం పొందలేదు. హిరోనో జపాన్‌లో పుట్టారు, ఒమర్ సోమాలియాలో పుట్టారు. ఆ బిల్లు పెట్టింది వాళ్ళే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

డల్లాస్_సుబ్బు
మేడమ్, ఇప్పుడు ఈ చట్టం కింద ఎవరినైనా పట్టుకుంటే కనీసం కోర్టుకు వెళ్ళే వీలుందా?

నల్లకోటు_హనుమకొండ
ఉంది. 2025 ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, ఎక్కడ కేసు వేయాలన్న దాని మీద న్యాయమూర్తులు చీలిపోయినా, ముందుగా నోటీసు ఇవ్వాలనీ, నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హెబియస్ కార్పస్ వేసుకునేంత వ్యవధి ఉండాలనీ తొమ్మిదిమందీ అంగీకరించారు. ఆ కేసు మనిషిని నిర్బంధించిన జిల్లాలోనే వేయాలి, అందుకే ఎక్కడ పెట్టారో బయటివారికి వెంటనే తెలియడం ముఖ్యం. మే 16న, సుమారు 24 గంటల ముందు ఇచ్చే నోటీసు చాలదని అదే కోర్టు అంది. మీ వంటివారికి ఈ చట్టంతో నేరుగా సంబంధం లేదు. అయినా అక్కడ ఒక ఇమిగ్రేషన్ లాయరు నంబరు ఇంట్లో అందరి దగ్గరా ఉంచండి.